చెవిలో మోతకు మందుందా? (ప్రసంగ పాఠం)

(రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది. మాట తడబడిన చోట్లు మాత్రం తీసేశాం. మిగతాదంతా డాక్టరు గారు మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ఆ ఫ్యాన్లు కాస్త ఆపేస్తారా? మైకు కూడా ఒక అర నిమిషం ఆపుతాను. ఎవరూ మాట్లాడకండి, ఫోన్లు చూడకండి. ఊరికే కూర్చుని చెవిలో ఏం వినిపిస్తోందో గమనించండి. అంతే.

సరే. ఇప్పుడు చెప్పండి, ఎంతమందికి ఏదో ఒకటి వినిపించింది? సన్నగా ఈల లాగా, గుయ్యిమని, ఏదైనా సరే. చేతులెత్తండి. చూశారా? సగం మంది పైనే ఉన్నారు. వీళ్ళలో "నాకేం లేదండీ, మా ఆవిడకు తోడుగా వచ్చాను" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. కంగారు పడకండి, మీకు నేనేమీ జబ్బు అంటించలేదు. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అని ఇద్దరు పరిశోధకులు ఇదే పని చేశారు. చెవులు శుభ్రంగా వినిపించే 80 మందిని చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, ఏం వినిపిస్తోందో చెప్పమన్నారు. 94 శాతం మంది ఏదో ఒక శబ్దం వినిపిస్తోందన్నారు. బయట సద్దు లేకపోతే లోపలి సద్దు వినిపిస్తుంది. చెవి ఉన్న దాదాపు ప్రతి మనిషికీ ఉండేదే ఇది.

మరి అందరికీ ఉండేదైతే ఈ హాలు ఎందుకు నిండింది? కొందరికి అది ఫ్యాన్ వేసినా పోదు. పని చేసుకుంటున్నా పోదు. రాత్రి తల దిండు మీద పెట్టగానే మొదలవుతుంది. దాన్నే మేం టిన్నిటస్ అంటాం. పెద్దవాళ్ళలో సుమారు 14 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఉంటుందని 2022లో ప్రపంచవ్యాప్త పరిశోధనలన్నీ కలిపి లెక్క కట్టారు. బతుకు దుర్భరమయ్యేంతగా ఉండేది ఓ 2 శాతం మందికి. 2 శాతమేనా అనకండి, ప్రపంచం మొత్తం మీద అది 12 కోట్ల మంది పైమాట.

ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతారు. కీచురాళ్ళు అంటారు ఒకరు. జోరీగ అంటారు ఒకరు. సముద్రం హోరు, ప్రెషర్ కుక్కర్ విజిల్, పాత ట్యూబ్‌లైటు రొద. ఒక పెద్దావిడ నాతో "బాబూ, చెవిలో ఎవరో నిరంతరం జల్లెడ పడుతున్నారు" అన్నారు. పుస్తకాల్లో ఇంత మంచి వర్ణన నేను చదవలేదు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. నేను చెవి, ముక్కు, గొంతు డాక్టర్ని. ప్రాక్టీసు పెట్టిన మొదటి పన్నెండు, పదమూడేళ్ళు ఇలా వచ్చినవాళ్ళకు ఏం చెప్పేవాణ్ణో తెలుసా? చెవిలోకి లైటు వేసి చూసేవాణ్ణి. కర్ణభేరి బాగుంది. "ఏమీ లేదండీ. దీనికి మందు లేదు. అలవాటు చేసుకోండి." అంతే. మొత్తం రెండు నిమిషాలు. తర్వాతి పేషెంటు. మీలో ఎంతమంది ఈ మాట విన్నారు? ఆ... అదీ సంగతి. మీకు ఆ మాట చెప్పింది నేనే అయ్యుంటే క్షమించండి.

ఆ తర్వాత నాకే వచ్చింది. ఒక రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. ఎక్కడో ఏదో కూస్తోంది. ఫోన్ చార్జర్ అనుకుని పీకేశాను. ఆగలేదు. ఫ్రిజ్ దగ్గరికెళ్ళి చెవి ఆనించాను. దాని రొద వేరు, ఇది వేరు. ఫ్రిజ్ ఆపేశాను. ఇన్వర్టర్ ఆపేశాను. ఆఖరికి మెయిన్ స్విచ్ కూడా దించేశాను. ఇల్లంతా చీకటి, ఇంట్లోవాళ్ళు లేచి ఒకటే కేకలు. నేను హాలు మధ్యలో నిలబడి ఉన్నాను, చీకట్లో ఆ కూత ఇంకా బాగా వినిపిస్తోంది. అప్పుడు అర్థమైంది. ఏళ్ళ తరబడి చెవుల గురించి చదివినవాడికి, ఆ చప్పుడు తన చెవిలోదే అని తెలియడానికి మెయిన్ స్విచ్ దాకా వెళ్ళాల్సి వచ్చింది!

మూడు వారాలు నిద్ర లేదు. చివరికి మా దగ్గర వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు అమ్మాయిని పిలిచి, నాకు పరీక్ష చేయమన్నాను. నన్ను గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ తగిలించింది. ఒక్కో శబ్దం వినిపిస్తూ "సార్, మీ మోత దీనికంటే సన్నగా ఉందా, లావుగా ఉందా?" అని అడుగుతూ పోయింది. పిచ్‌ను, అంటే శబ్దం సన్నదనాన్ని, హెర్ట్జ్‌లలో కొలుస్తాం. 6,000 హెర్ట్జ్ దగ్గర "ఇదే, ఇదే!" అని అరిచాను. పది మందిలో మన మనిషిని గుర్తుపట్టినట్టు ఉంది. ఆ తర్వాత ఎంత గట్టిగా ఉందో చూడాలి. బొత్తిగా వినిపించని స్థాయి నుంచి మెల్లగా పెంచుకుంటూ వచ్చింది. "మీ మోతతో సమానం కాగానే చెయ్యెత్తండి." ఎత్తాను. నా మనసులో అది జెట్ విమానం. బయటికొచ్చి కాగితం చూశాను. ఆ పిచ్‌లో నాకు శబ్దం వినిపించడం మొదలయ్యే గీత ఒకటి ఉంటుంది కదా, దానికి పైన కేవలం 6 డెసిబెల్లు. శబ్దం గట్టిదనాన్ని కొలిచేది డెసిబెల్లలోనే. వినబడీ వినబడనట్టుండే చప్పుడు. "మళ్ళీ చెయ్యమ్మా, ఎక్కడో తప్పు జరిగింది" అన్నాను. మళ్ళీ చేసింది. అదే అంకె.

నాకొక్కడికే కాదు. ఇలా కొలిచి చూస్తే ఎక్కువ మందిలో ఆ మోత వినికిడి గీతకు పైన 10 డెసిబెల్లు కూడా దాటదు. పైగా కొలతకూ బాధకూ పొత్తు కుదరదు. 4 డెసిబెల్లున్న మనిషి ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటాడు. 12 ఉన్న మనిషి "ఆ, ఎప్పట్నుంచో ఉందండీ, అడిగితే గుర్తొచ్చింది" అంటాడు. అందుకే చికిత్సల గురించి ఎవరు ఏం చెప్పినా, మీరు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇది మోతను తగ్గిస్తుందా, బాధను తగ్గిస్తుందా? ఈ రెండూ వేరు. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది, విసుక్కోకండి.

మోత ఎక్కడ పుడుతుంది?

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా అని ఉంటుంది. దాంట్లో సన్నటి నూగులాంటి కొసలున్న రోమ కణాలుంటాయి, ఒక్కో చెవిలో సుమారు 15 వేలు. శబ్దాన్ని కరెంటుగా మార్చి మెదడుకు పంపేవి అవే. వయసు వల్లో, పెద్ద చప్పుళ్ళ వల్లో, కొన్ని మందుల వల్లో అవి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. కోడికి మళ్ళీ పుడతాయి, చేపకు పుడతాయి, మనకే పుట్టవు. ఆ అదృష్టం మనకు లేదు.

అవి పోయాక ఏమవుతుంది? దూరపు రేడియో స్టేషను సరిగా అందకపోతే మనం ఏం చేస్తాం? వాల్యూం పెంచుతాం. పాటతో పాటు గరగర కూడా పెరుగుతుంది. మెదడు చేసేదీ అదే. ఫలానా పిచ్ నుంచి కబురు రావడం లేదని అక్కడ వాల్యూం పెంచుతుంది. లోపల మామూలుగా ఉండే గరగరే మనకు ఈలై వినిపిస్తుంది. ఇదంతా ఊహ అనుకునేరు. 2012లో ఒక ప్రయోగం చేశారు. చెవులు బాగున్న 18 మందికి ఒక చెవిలో ఇయర్‌ప్లగ్ పెట్టి 7 రోజులు ఉంచుకోమన్నారు. వారం తిరిగేసరికి 14 మందికి లేని శబ్దాలు వినిపించాయి. ప్లగ్ తీసేశాక పోయాయి. చెవికి శబ్దం అందకపోతే మెదడు ఎంత త్వరగా వాల్యూం తిప్పేస్తుందో చూశారా?

కొందరు అడుగుతారు, "ఆ నరం కోసేయండి డాక్టరు గారూ, వినిపించకపోయినా ఫర్వాలేదు" అని. బాధ కొద్దీ అడుగుతారు, నాకు తెలుసు. కానీ వినికిడి నరం కోసినా చాలామందిలో మోత పోలేదు. కాలు తీసేసినవాళ్ళకు లేని పాదంలో నొప్పి వచ్చినట్టే ఇదీ. అంటే ఇది మీ కల్పన అని నేను అనడం లేదు. మెదడు స్కాన్లలో పని జరుగుతున్నట్టు కనిపించే నిజమైన వ్యవహారమే. కాకపోతే దాని మకాం చెవిలో కాదు.

ఈ నాలుగింట్లో ఏది ఉన్నా ఇక్కడ కూర్చోకండి

చికిత్సల్లోకి వెళ్ళే ముందు ఇది చెప్పకపోతే నాది బాధ్యతారాహిత్యం. మోతతో పాటు ఒక చెవి హఠాత్తుగా, గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో వినిపించడం మానేస్తే, అది అత్యవసరం. "జలుబు చేసింది, గులిమి అడ్డుపడింది" అని వారం ఆగకండి. స్టెరాయిడ్లు మొదటి రోజుల్లో ఇస్తే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. రెండు వారాలు దాటితే ఆ అవకాశం చాలావరకు చేజారిపోతుంది. ఇవాళ మీరు ఒక్క ముక్కే గుర్తుపెట్టుకునేట్టయితే దీన్నే గుర్తుపెట్టుకోండి.

రెండోది, మోత గుండె చప్పుడుతో కలిసి కొట్టుకోవడం. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని వినండి. రెండూ తాళం కలిస్తే అది వేరే జాతి మోత. మెడలోనో తలలోనో రక్తనాళంలో తేడా ఉండొచ్చు, తలలో ఒత్తిడి పెరిగి ఉండొచ్చు, రక్తహీనత ఉండొచ్చు. కొన్నిసార్లు స్టెతస్కోపు పెడితే డాక్టరుకూ వినిపిస్తుంది. దీనికి స్కాన్ కావాలి. ఇందులో మంచి కబురు ఏమిటంటే, కారణం దొరికితే ఈ రకం మోత పూర్తిగా పోయే వీలుంది.

మూడోది, మోత ఒక్క చెవిలోనే ఉండి, ఆ చెవికి వినికిడి కూడా తగ్గుతుంటే ఎమ్మారై తీయించాలి. వినికిడి నరం పక్కన నెమ్మదిగా పెరిగే గడ్డ ఒకటి ఉంటుంది, క్యాన్సర్ కాదు, కానీ ఉందో లేదో తేల్చుకోవాలి. ఎక్కువ మందికి ఉండదు. నాలుగోది, ఈ మోతతో బతకలేను అనే ఆలోచన. వస్తే సిగ్గుపడకండి, ఇవాళే ఎవరికైనా చెప్పండి. ఇంట్లోవాళ్ళకు చెప్పండి, డాక్టరుకు చెప్పండి. ఆ ఆలోచనకు చికిత్స ఉంది, బాగా పనిచేస్తుంది కూడా.

ఇక తేలిగ్గా తేలిపోయేవి. గులిమి గట్టిపడి కర్ణభేరికి ఆనుకుంటే మోత వస్తుంది, తీస్తే పోతుంది. తీయడం డాక్టరు పని. పిన్నులు, పుల్లలు, దూది పుల్లలు కూడా, దయచేసి వద్దు. మందులు ఒకసారి చూసుకోవాలి. ఆస్పిరిన్ పెద్ద మోతాదులో మోత తెస్తుంది, తగ్గిస్తే పోతుంది. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు, క్యాన్సర్‌కి ఇచ్చే సిస్‌ప్లాటిన్ రోమ కణాలనే చంపగలవు. అలాగని మీ అంతట మీరు ఏ మందూ ఆపకండి, ఇచ్చిన డాక్టరుతో మాట్లాడండి. దవడ కీలు నొప్పి ఉన్నవాళ్ళు, పళ్ళు బిగించినప్పుడో మెడ తిప్పినప్పుడో మోత మారేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళకు దవడకూ మెడకూ చేసే ఫిజియోథెరపీ పనికొస్తుంది.

మాత్రల సంగతి

ఇప్పుడు అసలు ప్రశ్న. నాకు తెలుసు, సగం మంది దీనికోసమే వచ్చారు. మాత్ర ఉందా?

లేదు. మోతను తగ్గిస్తుందని రుజువై, ఆ పనికి ఆమోదం పొందిన మాత్ర ఇవాళ్టికి ఒక్కటీ లేదు. చేదుగా ఉంటుంది, కానీ డబ్బాలు డబ్బాలు మింగి ఏడాది తర్వాత తెలుసుకోవడం కంటే ఇప్పుడే వినడం నయం కదా?

"మరి నాకు రాసిచ్చారే" అంటారు. బీటాహిస్టిన్ రాసి ఉంటారు. అది మెనియర్ అనే లోపలి చెవి జబ్బులో కళ్ళు తిరగడానికి వాడే మందు. ఉత్త మోతకు దాన్ని ఇవ్వొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2020లో స్పష్టంగా చెప్పింది. జింకో ఆకుల సారం ఉంది, మందుల షాపుల్లో బాగా అమ్ముడుపోతుంది. 2001లో 1,121 మందిని తీసుకుని, సగం మందికి జింకో, సగం మందికి ఉత్తుత్తి మాత్ర 12 వారాలు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో ఇచ్చినవాళ్ళకూ తెలియదు, మింగినవాళ్ళకూ తెలియదు. చివరికి రెండు గుంపులకీ తేడా లేదు. జింకు, మెలటోనిన్, విటమిన్లు, వీటినీ టిన్నిటస్ కోసం సిఫారసు చేయొద్దనే 2014లో అమెరికా ఈఎన్‌టీ అకాడమీ మార్గదర్శకాల్లో రాశారు. మూర్ఛ మందులు, డిప్రెషన్ మందులు కూడా కేవలం మోత కోసం మామూలుగా వాడొద్దన్నారు. డిప్రెషన్ నిజంగా ఉంటే మాత్రం ఆ మందు వాడాల్సిందే, అది వేరే సంగతి.

"మా బావగారికి తగ్గిందండీ ఆ మాత్రతో!" అంటారు కదా? తగ్గే ఉంటుంది, ఆయన అబద్ధం చెప్పడం లేదు. మోత తనంతట తాను పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. మనం డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోతాం? బాగా పెరిగినప్పుడు. ఆ తర్వాత ఏది మింగినా తగ్గేదే. పైగా ఎవరో ఒకరు మన మాట విని, ధైర్యం చెప్పి, ఒక సీసా చేతిలో పెట్టారు. ఆ మాత్రం చాలు, కొంచెం బాధ తగ్గడానికి.

ఒక్క మందు మాత్రం నిజంగా మోతను ఆపుతుంది. లిడోకైన్. అదే, పన్ను పీకేముందు చిగురుకిచ్చే ఇంజెక్షన్. నరంలోకి ఎక్కిస్తే కొందరికి మోత ఠక్కున ఆగుతుంది. కాసేపే. తర్వాత మళ్ళీ మామూలే. గుండె లయ తప్పే ప్రమాదం కూడా ఉంది, అందుకే చికిత్సగా వాడరు. కానీ దీన్ని తలుచుకుంటే నాకు ఆశగా ఉంటుంది. మీట అంటూ ఒకటి ఎక్కడో ఉందన్నమాట.

యంత్రం పెట్టుకోవడానికి నామోషీ ఎందుకు?

మాత్ర లేదన్నాను, చికిత్స లేదనలేదు. మొదటిది, అందరూ మొహం చిట్లించేది, వినికిడి యంత్రం.

మోత ఉన్నవాళ్ళలో చాలామందికి ఎంతో కొంత వినికిడి లోపం ఉంటుంది. "నాకు బాగానే వినిపిస్తుంది, మా ఇంట్లోవాళ్ళే గొణుగుతారు" అనేవాళ్ళకు మరీనూ. ఇందాక చెప్పాను కదా, కబురు అందక మెదడు వాల్యూం పెంచిందని? యంత్రం ఆ కబురు అందిస్తుంది. బయటి శబ్దాలు లోపలికి వస్తాయి, మోత ఆ సందట్లో కలిసిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. పొద్దున్నుంచి రాత్రి దాకా ఎదుటివాళ్ళ మాట కోసం చెవులు రిక్కించే శ్రమ తగ్గుతుంది. అలసట తగ్గితే మోత మీద చిరాకు తగ్గుతుంది. కాబట్టి మోత ఉన్న ప్రతి ఒక్కరూ ముందు ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, చేయించుకోండి. లోపం తేలితే యంత్రం కనీసం కొన్ని వారాలు పెట్టి చూడండి. పెట్టిన మొదటి రోజు కాగితం చప్పుడు కూడా ఉరుములా వినిపిస్తుంది. ఆ రోజే తీసి డ్రాయర్లో పడేస్తే ఎలా? కళ్ళజోడుకు లేని నామోషీ దీనికెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇదిగో, నాకూ ఉంది. కనబడుతోందా? వెనక వరసవాళ్ళకు కనబడదులెండి.

రెండు చెవులూ పూర్తిగా పోయినవాళ్ళకు కాక్లియర్ ఇంప్లాంట్ పెడతారు, వినికిడి నరానికి నేరుగా కబురు పంపే పరికరం. పెట్టేది వినికిడి కోసమే అయినా చాలామందిలో మోత కూడా తగ్గుతుంది.

శబ్దాన్ని శబ్దంతో

ఒక కథ చెబుతాను. 1970లలో అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో జాక్ వెర్నన్ అని ఒక శాస్త్రవేత్త ఉండేవారు. టిన్నిటస్‌తో నలిగిపోతున్న ఒక డాక్టరు ఆయన దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ ఊళ్ళో నడుస్తూ ఒక పెద్ద ఫౌంటెన్ దగ్గరికి వచ్చారు. ఆ డాక్టరు అక్కడ ఆగిపోయాడు. ఎంతకీ కదలడు. ఏమైందంటే, ఆ నీళ్ళ చప్పుడులో మోత వినిపించడం లేదు! వెర్నన్‌కి బుర్రలో వెలిగింది. ఈ ఫౌంటెన్‌ని చెవిలో పెట్టగలిగితే? అలా మాస్కర్లు అనే చిన్న యంత్రాలు ప్రచారంలోకి వచ్చాయి.

ఇవాళ దానికోసం ప్రత్యేక యంత్రం కూడా అక్కర్లేదు. ఫోన్లో వాన చప్పుడు, అలల చప్పుడు, ఫ్యాన్ చప్పుడు దొరుకుతాయి. వినికిడి యంత్రాల్లోనూ వస్తున్నాయి. కానీ ఎలా వాడాలన్నది ముఖ్యం. మోతను పూర్తిగా ముంచేసేంత గట్టిగా పెట్టకండి. మోత కొంచెం వినిపిస్తూనే ఉండాలి, దాని పక్కన వాన చప్పుడు కూడా ఉండాలి. ఎందుకంటారా? చీకటి గదిలో మిణుగురు ఉంటే చూపంతా దాని మీదే. చిన్న దీపం వెలిగించండి, మిణుగురు అక్కడే ఉంటుంది, కానీ మనం పట్టించుకోం. మొత్తానికే కనబడకుండా చేస్తే, దీపం ఆరిన క్షణాన అది మళ్ళీ కొత్తగా కనబడుతుంది.

ఈ ఆలోచన మీదే పావెల్ జాస్ట్రెబాఫ్ టిన్నిటస్ రీట్రైనింగ్ థెరపీ అని ఒక పద్ధతి తయారుచేశారు. సన్నటి శబ్దం రోజూ గంటల తరబడి, దాంతో పాటు కౌన్సెలింగ్, ఏడాది, ఏడాదిన్నర. ఉపయోగపడుతుంది. అయితే నిజం చెప్పాలి కదా, 2019లో అమెరికా సైనిక ఆసుపత్రుల్లో దీన్ని మామూలు మంచి వైద్యంతో పోల్చి చూశారు. రెండు గుంపుల్లోనూ జనం బాగుపడ్డారు, తేడా మాత్రం కనిపించలేదు. దీన్నుంచి నాకు తోచిందేమిటంటే, పద్ధతి పేరు కంటే, ఎవరో కూర్చోబెట్టి వివరంగా చెప్పడమే సగం పని చేస్తోంది. నేను పదమూడేళ్ళు చేయనిది అదే.

రాత్రి పదకొండు గంటల ఇరవై నిమిషాలు

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ రుజువున్న చికిత్స. పేరు వినగానే కొందరు లేచి వెళ్ళిపోతారు, కూర్చోండి. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, సీబీటీ. ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చుకునే చికిత్స. సైకాలజిస్టు చేస్తారు. "నాకు పిచ్చి అంటారా?" అని నా మీదికి లేచినవాళ్ళున్నారు. లేదండీ. విరిగిన కాలికి ఫిజియోథెరపీ ఎలాగో, ఇదీ అలాగే.

ఒకాయన సంగతి చెబుతాను, వివరాలు మార్చి. రాత్రి పదకొండింటికి పడుకున్నాడు. మోత మొదలైంది. "ఇవాళ కూడా నిద్ర పట్టదు." ఐదు నిమిషాలు. "నిద్ర లేకపోతే రేపు ఆఫీసులో పని చేయలేను." పది నిమిషాలు. "ఇలాగే ఉంటే ఉద్యోగం పోతుంది. పిల్లల చదువులు?" పదకొండూ ఇరవైకల్లా గుండె దడదడ, చెమటలు, టెన్షన్, మంచం మీద లేచి కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పండి. ఈ ఇరవై నిమిషాల్లో మోత ఎంత పెరిగింది? ఒక్క డెసిబెల్ కూడా పెరగలేదు. మరి పెరిగిందేమిటి? ఒక ఆలోచన ఇంకో ఆలోచనను చెయ్యి పట్టి లాక్కొచ్చింది. మెదడు ఏమనుకుంటుంది? "ఈ చప్పుడు రాగానే గుండె దడ పుడుతోంది, అంటే ఇది ప్రమాదమే." ఇంకా కాపలా పెడుతుంది. కాపలా పెట్టినదాన్ని మనం వినకుండా ఎలా ఉంటాం?

సైకాలజిస్టు ఆయన్ను మోత గురించి అడగనేలేదు. ఒక నోటు పుస్తకం ఇచ్చి "రెండు వారాలు ఎన్నింటికి పడుకున్నారో, ఎన్ని గంటలు నిద్రపోయారో రాయండి" అంది. అప్పటిదాకా ఆయన మాట ఒక్కటే, "నాకు ఒక్క రాత్రి కూడా నిద్ర లేదు." పుస్తకం తెచ్చాడు. 14 రాత్రుల్లో నిద్ర చెడినవి నాలుగు. మిగతా పదీ ఐదారు గంటలు పడుకున్నాడు. తన చేత్తో తనే రాసుకున్నాడు, కాదనలేడు. ఆ పుస్తకం చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. అక్కణ్ణుంచి మొదలైంది. "ఇవాళ నిద్ర పట్టదు" అన్న మాట వచ్చినప్పుడు "పట్టొచ్చు, పట్టకపోవచ్చు, పదిసార్లు పట్టింది" అనుకోవడం. నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి వేరే గదిలో కూర్చోవడం. మోతకు భయపడి మానేసిన పెళ్ళిళ్ళకూ సినిమాలకూ మెల్లగా మళ్ళీ వెళ్ళడం. పొద్దున లేవగానే "ఉందా, పోయిందా" అని చెవిని వెతుక్కోవడం మానడం. ఈ చివరిది చాలా కష్టం. ఊడిన పన్ను దగ్గరికి నాలుక పోయినట్టు మనసు అక్కడికే పోతుంది.

2020లో, వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచి చూసే కోక్రేన్ సంస్థ 28 పరిశోధనలు, 2,733 మంది మీద చేసినవి, కలిపి చూసింది. సీబీటీ వల్ల మోత పెట్టే బాధ తగ్గుతుంది. మోత గట్టిదనం తగ్గుతుందా? అబ్బే. చూశారా, మళ్ళీ అదే ప్రశ్న దగ్గరికి వచ్చాం. దగ్గర్లో ఇది చేసేవాళ్ళు లేకపోతే ఇంటర్నెట్ ద్వారా చేసే సీబీటీ కూడా ఉంది, దానిమీదా మంచి పరిశోధనలే ఉన్నాయి.

కొత్త యంత్రాల గురించి రెండు మాటలు. హెడ్‌ఫోన్లో శబ్దాలు వినిపిస్తూ నాలుక మీద సన్నగా కరెంటు గిలిగింత పెట్టే లెనైర్ అనే పరికరానికి 2023లో, మందులనూ వైద్య పరికరాలనూ పరిశీలించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. కొందరికి ఉపయోగం కనబడింది, ఖరీదు మాత్రం ఎక్కువ. నేనైతే వినికిడి పరీక్ష, కౌన్సెలింగ్, సీబీటీ అన్నీ అయ్యాకే దాని మాట ఎత్తుతాను. తల మీద అయస్కాంతం పెట్టి చేసే టీఎంఎస్ ఉంది, దాన్ని మామూలుగా వాడొద్దనే మార్గదర్శకాల మాట. "నెల రోజుల్లో గ్యారంటీ" అని ప్రకటన కనబడితే ఆ గ్యారంటీ ఎవరికో మీరే ఆలోచించుకోండి.

ఇక ప్రశ్నలడగండి. చెప్పండమ్మా. ఆవిడ ఏమంటున్నారంటే, చప్పుడంటే భయమేసి రోజంతా చెవుల్లో దూది పెట్టుకుంటున్నానని. వద్దమ్మా, ఇందాకటి ఇయర్‌ప్లగ్ ప్రయోగం గుర్తుందా? మామూలు చప్పుళ్ళకు చెవులు మూసుకుంటే మోత ఇంకా పెరుగుతుంది. బాజాలు, మెషిన్లు, పెద్ద స్పీకర్లు, వాటి దగ్గర మాత్రం తప్పకుండా పెట్టుకోండి. 85 డెసిబెల్లలో ఎనిమిది గంటలు ఉండొచ్చు అనుకుంటే, 88లో నాలుగు గంటలే. మూడు పెరిగితే టైము సగమవుతుంది.

ఆ బాబు అడిగేది, ఇది పెరిగి పెరిగి చెవుడు వస్తుందా అని. రాదు. మోత చెవుడు తేదు. చెవుడే మోతను తెస్తుంది చాలాసార్లు. కాఫీ మానాలా? కాఫీ మానితే మోత తగ్గుతుందని రుజువు లేదు. రాత్రి తాగి నిద్ర చెడగొట్టుకోకండి, అంతవరకే. ఉప్పు తగ్గించమనేది మెనియర్ జబ్బున్నవాళ్ళకు.

చివరి ప్రశ్న, ఆ పెద్దాయన. "మరి మీకు ఇప్పుడు వినిపిస్తోందా?" అని. హ... మీరు అడిగారు కాబట్టి వినిపిస్తోంది. గంటన్నర నుంచి మాట్లాడుతున్నాను, ఇప్పటిదాకా దాని ఊసే లేదు. అదే 6,000 హెర్ట్జ్, అదే 6 డెసిబెల్లు. బాబూ, ఆ ఫ్యాన్లు వేసేయండి ఇంక, అందరికీ చెమటలు పడుతున్నాయి.